పాత కంప్యూటర్లు సేకరించాలంటే ముందు మీ ఊరి డీటీపీ సెంటర్ అటక చూడండి

మీరు అడిగింది ఇది: "పాత కంప్యూటర్లు సేకరించి బాగుచేయడం హాబీగా మొదలుపెడదామనుకుంటున్నాను. కమొడోర్ 64తో మొదలుపెట్టాలా, పాత మాకింతోష్‌తోనా? ఎంత ఖర్చవుతుంది?"

రెండూ వద్దంటాను. 1990ల నాటి 386 గానీ 486 గానీ, అంటే ఆ ఇంటెల్ రకం ప్రాసెసర్లున్న పాత పీసీ ఒకటి పట్టుకోండి. అది కూడా ఎవరో గేమ్స్ ఆడి పక్కన పడేసింది కాదు, తెలుగు డీటీపీ, అంటే అచ్చు కోసం కంప్యూటర్లో పేజీలు కూర్చే పని చేసిన మెషిన్ అయ్యుండాలి. ఎందుకో చెప్పాలంటే కొంచెం ఎక్కువే రాయాలి, ఓపిక పట్టండి.

కమొడోర్ 64 గొప్ప హోమ్ కంప్యూటర్, కాదనను. 1982లో వచ్చింది, ప్రపంచమంతా కలిపి కోటికి పైగా అమ్ముడైంది. అందుకే దానికి ఇవాళ్టికీ విడిభాగాలు దొరుకుతాయి, సర్క్యూట్ డయాగ్రాములు దొరుకుతాయి, కొత్తగా పోసిన కేసులు కూడా దొరుకుతాయి. కానీ అమెరికా నుంచి తెప్పిస్తే దాని పవర్ సప్లై 110 వోల్టులది, వీడియో అమెరికా టీవీల పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. ఆ పాత పవర్ సప్లైలు పాడైనప్పుడు 5 వోల్టుల లైనులోకి ఎక్కువ వోల్టేజీ వదిలి ర్యామ్ చిప్పుల్ని చంపేస్తాయి. మాకింతోష్‌ల సంగతి వేరు. ఎస్‌ఈ/30, క్లాసిక్ లాంటివాటిలో బోర్డు మీది చిన్న కెపాసిటర్లు కారిపోయి ట్రాకుల్ని తింటాయి. ఇవన్నీ బాగుచేసుకోవచ్చు. కానీ వాటిని బాగుచేసేవాళ్లు లోకంలో వేలమంది ఉన్నారు. మన ప్రెస్సుల్లో పనిచేసిన 486ని పట్టించుకునేవాడు ఎవడున్నాడు చెప్పండి?

మన దేశంలో తయారైన పాతవాటిలో సేకరించదగ్గవి లేవని కాదు. 1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టు అనే ప్రభుత్వ పథకం కింద స్కూళ్లకు బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ కంప్యూటర్లు ఇచ్చారు. చండీగఢ్ పక్కన మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ లైసెన్సు తీసుకుని అదే మెషిన్‌ని ఎస్‌సీఎల్ యూనికార్న్ పేరుతో చేసింది. పుణెలో డెసిబెల్స్ వాళ్లు స్పెక్ట్రమ్ అనే ఇంకో బ్రిటిష్ హోమ్ కంప్యూటర్ చేశారు. పాత స్కూలు స్టోర్ రూములో బీబీసీ మైక్రో కనబడితే అస్సలు వదలకండి. కాకపోతే ఇంటికి తెచ్చీ తేగానే ప్లగ్గులో పెట్టొద్దు. పవర్ సప్లై లోపల కరెంటు వచ్చే చోట పారదర్శకంగా, పసుపు రంగులో రీఫా కంపెనీ కాగితపు కెపాసిటర్లు ఉంటాయి. వాటి పైపూత ఏళ్ల తరబడి పగుళ్లిచ్చి తేమ పీలుస్తుంది. స్విచ్ వేసిన కాసేపటికి ఢామ్మని పేలి ఇల్లంతా పొగ నింపుతాయి. ముందు అవి తీసి కొత్తవి వేసి, ఆ తర్వాతే కరెంటు ఇవ్వాలి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న విషయం. తెలుగుకి ఒక ఇరవై ఏళ్ల చీకటి కాలం ఉంది. 1980ల చివర్లో లెటర్‌ప్రెస్ అచ్చు గళ్లు మూలపడి డీటీపీ వచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో సహా వచ్చాకే మామూలు జనానికి కంప్యూటర్లో తెలుగు యూనికోడ్, అంటే ఏ ఫాంటులోనైనా ఒకేలా చదవగలిగే ఉమ్మడి కోడు అందింది. ప్రెస్సులైతే ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌నే పట్టుకుని ఉన్నాయి, కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ఈ మధ్యకాలంలో అచ్చయిన తెలుగు ఎంత? కథల పుస్తకాలు, శతకాలు, స్థలపురాణాలు, జిల్లా చరిత్రలు, గ్రంథాలయ సంచికలు. వాటిలో ఎక్కువ భాగం ఏదో ఒక ఫాంటు సొంత కోడులో కొట్టినవే. ఆ ఫాంటు లేకుండా ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. అప్పట్లో తెలుగు పత్రికల సైట్లకీ ఇదే తంటా. వాటిని చదవడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే యాడాన్ వేసుకున్నవాళ్లకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది.

పుస్తకం అచ్చు ప్రతి దొరికితే స్కాన్ చేయొచ్చు కదా అంటారు. వంద, రెండొందల కాపీలు వేసి బంధువులకు పంచిన పుస్తకం ఎక్కడ దొరుకుతుంది? చాలాసార్లు దాని ఏకైక ప్రతి దాన్ని కూర్చిన డీటీపీ మెషిన్‌లోనే ఉంటుంది.

మాది విజయవాడ, ఉద్యోగం హైదరాబాద్‌లో. సత్యనారాయణపురంలో మా పాత ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక చిన్న ప్రెస్సు ఉండేది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, అప్పుడప్పుడూ ఒక పుస్తకం. ఓనర్‌ని అందరూ ప్రెస్సు బాబాయ్ అనేవాళ్లం. ఆయన పోయిన కొన్నేళ్లకి వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేస్తున్నాం. అటక మీద నాన్నగారి కంప్యూటర్ ఉంది, పాత సామాన్లవాడు రేపొస్తాడు. నీకు కావాలంటే ఈలోపే వచ్చి తీసుకెళ్లు" అన్నాడు. ఆ రాత్రి బస్సుకే బయల్దేరాను.

అటక మీద గోనెపట్టా కప్పి ఉంది. కిందికి దించి చూస్తే 486 డీఎక్స్2, 66 మెగాహెర్ట్జ్, 8 ఎంబీ ర్యామ్, 420 ఎంబీ హార్డ్ డిస్క్. అప్పట్లో అది ఒక కుటుంబం మొత్తానికి అన్నం పెట్టిన మెషిన్. లోపల బల్లి గుడ్లు, దుమ్ము, ఎలుక కొరికిన రిబ్బన్ కేబుల్. నేను స్క్రూలు విప్పుతుంటే పిన్ని కాఫీ గ్లాసుతో వచ్చి పక్కన నిలబడింది. "బాబూ, అందులో తెలుగు మాస్టారి శతకం ఉందిరా. మీ బాబాయి దిద్ది దిద్ది పేజీలు కూర్చారు. మాస్టారు పోయారు, అచ్చు వేయలేదు. వస్తుందంటావా?" అంది. మాస్టారంటే మా హైస్కూల్లో చెప్పినాయనే. ఆయన చేతిరాత ప్రతి ఏమైందో ఎవరికీ తెలియదు.

మదర్‌బోర్డు చూడగానే ఎక్కడ పోయిందో తెలిసిపోయింది. 286 నుంచి 486 దాకా చాలా బోర్డుల మీద నీలం రంగు పీపా లాంటి 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. టైమూ సెట్టింగులూ గుర్తుంచుకోవడానికి పెట్టింది. అది పాతబడ్డాక క్షారం కారుతుంది. ఆ క్షారం రాగి ట్రాకుల వెంట పాకుతూ పోయి పచ్చటి చిలుము పట్టిస్తుంది. చాలా బోర్డుల్లో బ్యాటరీ పక్కనే కీబోర్డు సాకెట్టూ కీబోర్డు కంట్రోలర్ చిప్పూ ఉంటాయి కాబట్టి మొదట చచ్చేది కీబోర్డే. పాత మెషిన్లను చంపేది వయసు కాదు, ఈ బ్యాటరీయే. మీరు ఒక మెషిన్ తెచ్చుకుంటే ఆన్ చేసి చూద్దామనే ఉబలాటం పక్కనబెట్టి, ముందు కట్టర్‌తో ఆ బ్యాటరీ కత్తిరించి పారేయండి. కొత్తది వేయడం గురించి తర్వాత ఆలోచించొచ్చు.

బ్యాటరీ తీసేశాక మామూలు వెనిగర్‌లో పాత టూత్‌బ్రష్ ముంచి రుద్దాను. క్షారం కదా, పలచటి ఆమ్లం దాన్ని చంపుతుంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పట్టించి, ఫ్యాను కింద బాగా ఆరనిచ్చాను. కడగకుండా వదిలేస్తే వెనిగర్ కూడా తినేస్తుంది, అది మరిచిపోవద్దు. ఆరాక మల్టీమీటర్ పెట్టి ఒక్కో ట్రాకూ తెగిందో లేదో చూసుకుంటూ పోయాను. కీబోర్డు సాకెట్టులో ఒకటో పిన్ను క్లాక్, రెండోది డేటా, నాలుగు గ్రౌండ్, ఐదు 5 వోల్టులు. క్లాక్ లైను పూర్తిగా తెగిపోయింది. సన్నటి ఇనామెల్ రాగి వైరు కొన గీకి, తెగినచోట రెండు వైపులా టంకం వేసి కలిపాను.

పవర్ సప్లైని బోర్డుకి తగిలించకుండా విడిగా చూడాలి. ఊరికే ఆన్ చేస్తే ఆ రకం సప్లైలు సరిగ్గా పనిచేయవు, లోడు ఉండాలి. పనికిరాని పాత హార్డ్ డిస్క్ ఒకటి తగిలించి 5, 12 వోల్టులు వస్తున్నాయని చూసుకున్నాకే బోర్డుకి ఇచ్చాను. పీ8, పీ9 అని రెండు కనెక్టర్లుంటాయి. రెంటి నల్ల వైర్లూ మధ్యలో పక్కపక్కన రావాలి. తారుమారైతే బోర్డు అక్కడే కాలిపోతుంది. ఇది రాసి గోడకి అంటించుకోండి.

ఆన్ చేస్తే బీప్ వచ్చింది, ర్యామ్ లెక్కపెట్టింది, కీబోర్డు ఎర్రర్ లేదు. కానీ హార్డ్ డిస్క్ లేదంది. చాలామంది ఇక్కడే "డిస్క్ పోయింది" అని తీసి పారేస్తారు. డిస్క్ పోలేదు! బ్యాటరీ లేదు కాబట్టి ఆ డిస్కులో ఎన్ని సిలిండర్లు, ఎన్ని హెడ్లు, ఎన్ని సెక్టార్లు ఉన్నాయో బోర్డు మరిచిపోయింది, అంతే. ఆ మూడు అంకెలూ డిస్క్ మీది లేబుల్‌పైనే అచ్చు వేసి ఉంటాయి. సెటప్‌లోకి వెళ్లి కొట్టాలి. డిస్క్ కవరు మీది లేబుల్ పీకేసి శుభ్రం చేసేవాళ్లని చూశాను, ఇంతకన్నా అన్యాయం లేదు.

అయితే నేను అంకెలు కొట్టి వెంటనే విండోస్‌లోకి వెళ్లలేదు. ఆ వయసు డిస్క్ ఎంతసేపు తిరుగుతుందో చెప్పలేం. తిరిగిన మొదటి అవకాశంలోనే మొత్తం నకలు తీసేయాలి. ఐడీఈ అనే అప్పటి రకం డిస్కుల్ని యూఎస్‌బీకి తగిలించే కన్వర్టర్లు ఇంత పాత డిస్కుల్ని చాలావరకు గుర్తుపట్టవు. అందుకే నా దగ్గర ఒక పెంటియం-3 మెషిన్ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అటు పాత డిస్కునీ గుర్తుపడుతుంది, ఇటు లినక్సూ నడుపుతుంది. దాంట్లో పాడవుతున్న డిస్కుల నకలు తీసే డీడీరెస్క్యూ ప్రోగ్రాము పెట్టి, చదవగలిగిన సెక్టార్లన్నీ ముందు లాగేసి, మొరాయించినవాటి దగ్గరికి తర్వాత మళ్లీ వెళ్లనిచ్చాను. కొన్ని సెక్టార్లు రాలేదు, కానీ అవి విండోస్ తాత్కాలిక ఫైళ్లలోవి. మాస్టారి శతకం ఉన్న ఫోల్డరుకి ఏమీ కాలేదు. నకలుని పాత కెమెరాల్లో వాడే 512 ఎంబీ కాంపాక్ట్ ఫ్లాష్ మెమరీ కార్డు మీదికి దించి, చిన్న అడాప్టర్‌తో 486కి హార్డ్ డిస్క్ స్థానంలో పెట్టాను. అప్పటి బోర్డుల బయోస్‌లు (మెషిన్‌ని మొదట లేపే ప్రోగ్రాములు) చాలావరకు 528 ఎంబీ దాటితే తికమకపడతాయి కాబట్టి అంతకన్నా పెద్ద కార్డుతో పని లేదు.

విండోస్ 3.1 వచ్చింది. పేజ్‌మేకర్ వచ్చింది. తెలుగు ప్యాకేజీ మాత్రం తెరుచుకోలేదు, లాక్ లేదంది. ఆ రోజుల్లో డీటీపీ సాఫ్ట్‌వేర్లు చాలావాటికి ప్రింటర్ పోర్టుకి తగిలించే అగ్గిపెట్టంత హార్డ్‌వేర్ లాక్ ఇచ్చేవాళ్లు. అది లేకపోతే డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేరైనా కదలదు. పిన్నికి ఫోన్ చేశాను. "అదేంటోరా, ప్రింటర్ వైరుకి ఒకటి వేలాడుతుండేది" అంది. ప్రింటర్ అప్పటికే పాత సామాన్లవాడి బండెక్కేసింది! వాళ్లబ్బాయి స్కూటర్ మీద వెళ్లి, ఆ కొట్టు కనుక్కుని, వైర్ల గుట్టలోంచి ఆ కేబులు లాగి తెచ్చాడు. లాక్ దానికే ఉంది. రాగి కోసం వైరు కోసేయడానికి ముందే దొరకడం మా అదృష్టం.

లాక్ పెట్టగానే శతకం తెర మీదికి వచ్చింది. పేజీలన్నీ, పద్యాలన్నీ, చివర బాబాయి పెట్టిన చిన్న పూర్ణకుంభం బొమ్మతో సహా. ఆ క్షణం నాకు ఏమనిపించిందో రాయలేను. పిన్నికి వీడియో కాల్ చేసి తెర చూపించాను.

ఇక అది బయటికి తేవడం. ప్రింటర్‌గా పోస్ట్‌స్క్రిప్ట్ అనే పేజీ భాష వాడే లేజర్ ప్రింటర్ డ్రైవర్ ఎంచుకుని, పోర్టు స్థానంలో ఫైలు అని పెడితే కాగితం మీద పడాల్సింది ఫైలుగా పడుతుంది. ఫాంటు ఆకారాలు కూడా దాంట్లోనే కూర్చుంటాయి. కార్డు తీసి ల్యాప్‌టాప్‌కి పెట్టి, ఆ భాషని చదివే ఘోస్ట్‌స్క్రిప్ట్ ప్రోగ్రాముతో పీడీఎఫ్ చేశాను. బాబాయి కూర్చిన పేజీ చుక్క తేడా లేకుండా వచ్చింది. యూనికోడ్ చేయడం మాత్రం పెద్ద పని. ఆ ఫాంట్లలో అక్షరం ఒక ముక్క, తలకట్టు ఒక ముక్క, గుణింతం ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ర వత్తు కొన్నిటిలో హల్లుకి ముందే వచ్చి కూర్చుంటుంది. ఒక్కో ముక్కకీ పట్టిక రాసుకుని చిన్న ప్రోగ్రాముతో మార్చాను. ఆ తర్వాత పద్యం పద్యం పీడీఎఫ్ పక్కన పెట్టుకుని దిద్దాల్సి వచ్చింది. యతిప్రాసలు చూసుకోవడానికి మా మేనత్తని కూర్చోబెట్టాను, ఆమె తెలుగు పండిట్‌గా రిటైరయ్యారు. మాస్టారి కూతురు వాటిని పుస్తకంగా వేయించారు.

పాత మెషిన్‌లా నటించే ఎమ్యులేటర్ ప్రోగ్రాము ఉంటే చాలదా, అసలు మెషిన్ ఎందుకు అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. ఆ లాక్‌ని ఎమ్యులేటర్‌కి ఎక్కడ తగిలిస్తారు? ప్రింటర్ పోర్టు ఉన్న మెషిన్ కావాలి, ఆ కాలపు విండోస్ కావాలి, ఆ ప్యాకేజీ కావాలి, నాలుగూ ఒక్కచోట కుదరాలి. ఇంకా వెనక్కి పోతే భారతీయ భాషల కోసం చేసిన జిస్ట్ కార్డులున్నాయి. ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి, సీ-డాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ చేతుల మీదుగా జనంలోకి వచ్చిన పని అది. డాస్ నడిచే పీసీ స్లాటులో ఆ కార్డు పెడితే తెర మీద తెలుగు కనిపించేది. మెషిన్ విప్పినప్పుడు పొడవాటి కార్డు ఏదైనా కనిపిస్తే దాని మీద ఏం రాసుందో చదవకుండా తీసి పారేయకండి.

నన్ను బాధపెట్టే సంగతులు రెండున్నాయి. ఒకటి, బంగారం పిచ్చి. సిరామిక్ 486 ప్రాసెసర్లలో బంగారం ఉంటుందని యాసిడ్‌లో వేసి కరిగిస్తున్నారు. ఆ యాసిడ్ మోరీలో పోస్తారు, పక్కన పిల్లలుంటారు. వచ్చే బంగారం రవ్వంత. దానికోసం నడిచే మెషిన్లను చంపుతున్నారు. రెండోది, తెల్లబరిచే పిచ్చి. పాత ప్లాస్టిక్ పసుపు రంగుకి తిరుగుతుంది, నిజమే. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే తెల్లబడుతుంది, అదీ నిజమే. వీడియోల్లో చూడ్డానికి బాగుంటుంది. కానీ కేసు తళతళలాడించి లోపల కారుతున్న బ్యాటరీని అలాగే ఉంచి షోకేసులో పెట్టేవాళ్లని చూస్తే కడుపు మండుతుంది. డిస్కుని ఫార్మాట్ చేసి గేములు ఎక్కించేవాళ్లని చూస్తే ఇంకా మండుతుంది. అందులో ఏముందో ఒక్కసారి చూడాలి కదా! కాలిఫోర్నియాలో మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో 1960ల నాటి ఐబీఎం 1401ని బాగుచేసి నడిపి చూపిస్తారు. అక్కడున్న మనవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి ఫోటోలు పంపుతుంటారు. ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ టీడీసీ-12 లాంటి తొలి కంప్యూటర్లు తయారుచేసిన హైదరాబాద్‌కి అలాంటి చోటు ఒకటి ఉండొద్దా?

ఖర్చు గురించి అడిగారు. మంచి సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కాంపాక్ట్ ఫ్లాష్ అడాప్టర్. ఇవి ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ ధరలో సగం కూడా కావు. బోర్డు ఎక్కడ ఆగిపోయిందో అంకెల్లో చూపించే పోస్ట్ (POST) డయాగ్నస్టిక్ కార్డు ఒకటి కొనుక్కుంటే వెతుకులాట సగం తగ్గుతుంది. ఫ్లాపీ డ్రైవు పాడైతే దాని స్థానంలో గోటెక్ అనే పరికరం పెట్టి పెన్‌డ్రైవ్‌తో నడిపించుకోవచ్చు. పాత పిక్చర్ ట్యూబ్ మానిటర్ మాత్రం అనుభవం ఉన్న టీవీ మెకానిక్ పక్కన లేకుండా విప్పకండి. లోపల ఇరవై వేల వోల్టులకి పైగా ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా చాలాసేపు, ఒక్కోసారి రోజుల తరబడి నిలుస్తుంది. మెషిన్ కోసం మీరు డబ్బు పెట్టాల్సిన పని ఉండకపోవచ్చు. విజయవాడలో ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల వెనక సందుల్లో, హైదరాబాద్‌లో చిక్కడపల్లి, హిమాయత్‌నగర్ వైపు, ఏ జిల్లా కేంద్రంలోనైనా పాత బస్టాండు దగ్గర మూతపడిన డీటీపీ సెంటర్లుంటాయి. వెళ్లి ఆ ఇంటి పెద్దవాళ్లతో మర్యాదగా మాట్లాడండి. పుస్తకాల ఫైళ్లు తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టి వాళ్లకే ఇస్తామని చెప్పండి, చాలామంది ఊరికే ఇచ్చేస్తారు. ఇచ్చేటప్పుడు డబ్బా ఒక్కటే ఇస్తారు. ఫ్లాపీల పెట్టె, ప్రింటర్ కేబులు, దాని చివరన ఉండే లాక్ కూడా అడిగి తీసుకోండి. మిగతావన్నీ మళ్లీ కొనుక్కోవచ్చు, ఆ లాక్ ఎక్కడా దొరకదు.